చేగోడీలు చుట్టినా అడుగులేనా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నాకు 54 ఏళ్లు, మాది తెనాలి. ఎత్తు ఐదడుగులు, బరువు 68 కిలోలు. ఆరేళ్లుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఉగాదికి మా అమ్మాయి బెంగళూరు నుంచి వస్తూ అడుగులు లెక్కపెట్టే వాచీ తెచ్చి, రోజుకి 10,000 అని అందులో పెట్టి వెళ్లింది. ఎంత తిరిగినా 6,000 దాటడం లేదు. మిగిలినవి పూర్తి చేద్దామని రాత్రి పదింటికి హాల్లో డైనింగ్ టేబుల్ చుట్టూ తిరుగుతున్నాను. పదిహేను రోజులుగా కుడి మోకాలు నొప్పి. 310 కేలరీలు ఖర్చయ్యాయని వాచీ చూపిస్తోంది కదా, కాస్త తిన్నా పర్లేదులే అనుకుంటే నాలుగు నెలలైనా అరకిలో తగ్గలేదు. మొన్న చేగోడీలు చుట్టిన రోజు కూర్చున్నచోటే 1,800 అడుగులు చూపించింది. రైతుబజారు నుంచి రెండు చేతులా సంచులతో నడిచి వచ్చిన రోజు సగం అడుగులు కూడా ఎక్కలేదు. వాచీ పాడైందా? మార్చమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు రాత్రిపూట ఆ టేబుల్ చుట్టూ తిరగడం ఈ రోజే మానెయ్యండి. నున్నటి టైల్స్ మీద, ఉత్త కాళ్లతో, ఇరుకు చోట గుండ్రంగా తిరుగుతుంటే ప్రతి మలుపులోనూ మోకాలు మెలిపడుతుంది. నా దగ్గరికి ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో ఇలా అంకె పూర్తి చెయ్యాలని నొప్పి తెచ్చుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ మీలాగే పట్టుదల గల మనుషులు. అందుకే నాకు మరీ బాధేస్తుంది.

అసలు ఆ 10,000 డాక్టర్లు పరీక్షలు చేసి తేల్చిన అంకె కాదు. 1964లో టోక్యో ఒలింపిక్స్ జరిగాయి. మరుసటి ఏడాది అక్కడి కంపెనీ ఒకటి నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి తెచ్చి ‘మాన్పో-కే’ అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని దానర్థం. సరుకుకి పెట్టిన ఆ పేరే అందరికీ లక్ష్యమై కూర్చుంది. 2019లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. సగటున 72 ఏళ్లున్న దాదాపు 17,000 మంది ఆడవాళ్ల అడుగులు లెక్కపెట్టి, ఆ తర్వాత కొన్నేళ్లు వాళ్లని గమనించారు. రోజుకి 2,700 అడుగులు వేసినవాళ్ల కన్నా 4,400 వేసినవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాకా లాభం పెరుగుతూ వచ్చింది, ఆపైన పెద్దగా తేడా లేదు. వాళ్లు మీకన్నా పెద్దవాళ్లు, నిజమే. మోకాలు సహకరిస్తే మీరు ఇంకాస్త నడవొచ్చు. కానీ 6,000 నడిచిన మనిషి ఏదో తప్పు చేసినట్టు బాధపడుతూ పడుకోవలసిన పని లేదు.

ఇక వాచీ పాడవ్వలేదు. దానికి మీ కాళ్లు కనిపించవు, చెయ్యే తెలుసు. చెయ్యి ఒక లయలో ఊగితే అడుగు పడిందని లెక్క వేసుకుంటుంది. చేగోడీ కోసం పిండిని పీట మీద తాడులా పేనేటప్పుడు మీ అరచెయ్యి ముందుకీ వెనక్కీ ఒకే తూకంలో పోతుంటుంది, దాన్ని వాచీ నడక అనుకుంది. సంచుల బరువుకి బిగుసుకున్న చెయ్యి ఊగదు, అందుకే నిజంగా నడిచిన నడక ఎక్కలేదు. ఫోనులో లెక్క చూసుకునే ఆడవాళ్లది ఇంకో కష్టం. చీరకి జేబు ఉండదు, ఫోను టీవీ పక్కనే ఉండిపోతుంది, ఇల్లంతా తిరిగిన తిరుగుడు ఎక్కడా లెక్కకి రాదు.

మీరు పిండి పని పెట్టుకున్నప్పుడు వాచీ తీసి పక్కన పెట్టండి. ఒకసారి వీధిలో చేతులు ఖాళీగా వదిలేసి, నోటితో లెక్కపెడుతూ తిన్నగా 100 అడుగులు నడవండి. ముందు అంకె, తర్వాతి అంకె చూడండి. తేడా 95కీ 105కీ మధ్య వస్తే అది మీకు చాలు, మార్చకండి. అందులో ఎత్తు, బరువు, వయసు మీవే ఉన్నాయా, అమ్మాయివి ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి.

కేలరీల అంకెని మాత్రం నమ్ముకుని తినకండి. కేలరీలని వాచీ కొలవదు, అంచనా వేస్తుంది. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేతికి పెట్టుకునే ఏడు పరికరాలు పరీక్షించారు. కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అన్నిటికన్నా అధ్వానమైనది 93 శాతం. మీ లెక్క మనమే వేద్దాం. ఐదడుగుల మనిషి ఒక అడుగు సుమారు 62 సెంటీమీటర్లు. 6,000 అడుగులంటే 3.7 కిలోమీటర్లు. ఊరికే కూర్చున్నప్పటి కన్నా నడకకి అదనంగా ఖర్చయ్యేది, మనిషి కిలో బరువుకి కిలోమీటరుకి అర కేలరీ దాకా. 68 కిలోలకి కిలోమీటరుకి 34, మొత్తం మీద 125 చిల్లర. కదలకుండా కూర్చున్నా ఖర్చయ్యే కేలరీలని కూడా కొన్ని వాచీలు కలిపి చూపిస్తాయి. ఆ 125 గుప్పెడు చేగోడీలతో సరి. బరువు ఎందుకు తగ్గలేదో ఇప్పుడు మీకే తెలిసింది కదా.

అలాగని నాలుగు నెలల నడక వృథా పోలేదు. నడిచేటప్పుడు తొడ, పిక్క కండరాలు రక్తంలోని గ్లూకోజుని లాక్కుంటాయి. అందుకే షుగరు ఉన్నవాళ్లకి రాత్రి పదింటి నడక కన్నా తిన్న వెంటనే నడిచే పావుగంట మేలు. మా అమ్మకీ షుగరు ఉండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక గుప్పిట్లో పది చింతపిక్కలు పట్టుకుని వీధి వసారా నుంచి పెరట్లో బావి దాకా నడిచేది. వసారాలోకి తిరిగి వచ్చినప్పుడల్లా ఒక పిక్క ఇత్తడి గిన్నెలో వేసేది. ‘టంగ్’మని చప్పుడు. గదిలో పడుకుని మేం ఆ చప్పుళ్లు లెక్కపెట్టేవాళ్లం. పదోది పడ్డాకే అమ్మ వచ్చి నడుం వాల్చేది.

మీరూ మూడు పూటలా తిన్నాక పావుగంట చొప్పున నడవండి. నిమిషానికి 90 అడుగుల చొప్పున వేసుకున్నా అక్కడే 4,000 అయిపోతాయి, ఇంటి పని అడుగులు వేరే. మడమకి పట్టీ ఉన్న మెత్తటి చెప్పులు వేసుకోండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. లక్ష్యం 6,500కి తగ్గించండి. నొప్పి పోయాక రెండు వారాలకోసారి 500 పెంచుదురుగాని. మోకాలు వాచినా, మెట్లు దిగుతుంటే పట్టు తప్పుతున్నట్టున్నా ఆగకుండా ఎముకల డాక్టరుకి చూపించండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే నడకతో షుగరు పడిపోవడం అరుదు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ గానీ వాడే మిగతా పాఠకులు మాత్రం ముందు తమ డాక్టరుతో మాట్లాడాలి, నడకకి వెళ్లేటప్పుడు కాస్త పంచదార దగ్గర ఉంచుకోవాలి.

ఇంకో చిన్న పని చెయ్యండి. ఒక రోజు రెండు ఇడ్లీలు తిని నడవకుండా ఉండండి, మర్నాడు అవే రెండు ఇడ్లీలు తిని పావుగంట నడవండి. రెండు రోజులూ తిన్న రెండు గంటలకి గ్లూకోమీటరుతో షుగరు చూసి, పాల లెక్క రాసుకునే క్యాలెండర్లో అడుగుల పక్కనే రాయండి. ఆ అంకెలు నాకు రాసి పంపండి, ఎదురుచూస్తుంటాను.