పదిహేనేళ్లు వెనక కూర్చుని వాయించాక ముందుకొచ్చి పాడొచ్చా?

పదిహేనేళ్లుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయిస్తున్నాను, మెయిన్ సింగర్ మానేశాడు, ఇక నువ్వే పాడు అంటున్నారు, ఒప్పుకోవాలా అని అడిగారు. ఒప్పుకోండి. కోనసీమలో పెళ్లిళ్లకీ చవితి పందిళ్లకీ తిరిగే ట్రూప్‌లో పద్దెనిమిదేళ్లు ప్యాడ్స్, అంటే ఎలక్ట్రానిక్ డ్రమ్స్, వాయించి, ఆ తర్వాత మైకు పట్టుకున్నవాణ్ణి నేను. ఆరేళ్లయింది.

పాట గురించి మీకు భయం అక్కర్లేదు. బీజీఎం ఎంతసేపు, చరణం ఎక్కడ ఎత్తుకోవాలి అన్నది మీ ఒంట్లోనే ఉంది, సింగర్లు తడబడితే మన వైపే కదా చూస్తారు. అసలు ఇబ్బంది శ్రుతి. మొదటి రోజు నేను బాలు గారి పాట సినిమాలో ఉన్న శ్రుతిలోనే ఎత్తుకున్నాను. ప్యాడ్స్ దగ్గర కూర్చుని కూనిరాగం తీస్తే హాయిగా వచ్చే పాట, నిండు గొంతుతో పాడేసరికి రెండో చరణంలో పై స్థాయి దగ్గర గొంతు చీలిపోయింది. మర్నాడు కూర్చుని ఇరవై పాటలకి నా శ్రుతి ఏదో నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కీబోర్డ్‌కైతే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది, నొక్కితే సరిపోతుంది, కానీ ఫ్లూట్ ఆయన వేరే ఫ్లూట్ తీయాలి, కాబట్టి ఆయనకి స్టేజీ ఎక్కకముందే చెప్పండి.

ఇంకోటి, మొదట్లో వాయిస్తూ పాడొద్దు. నేను ప్రయత్నించాను, ఊపిరి చేతుల వెంట పోయి, రోల్, అంటే గబగబా వరసగా కొట్టే దెబ్బలు, వచ్చిన ప్రతిచోటా పదం చివర తెగిపోయేది. చివరికి ప్యాడ్స్ ఒక కుర్రాడికి అప్పజెప్పాను. చేతులు మాత్రం ఊరుకోలేదు, నాకు తెలియకుండానే వేళ్లు మైకు మీద తాళం వేస్తున్నాయి, అది బాక్సుల్లో టక్ టక్‌మని ఊరంతా వినిపిస్తోంది, కింద నుంచి సౌండ్ అబ్బాయి తన వేళ్లు చూపించి సైగ చేసేదాకా అదేమిటో నాకు అర్థం కాలేదు. అందుకే మొదటి నెల మైకు స్టాండ్‌కే ఉంచి పాడండి. చేత్తో పట్టుకోవాల్సి వస్తే మైకు తల మీద పిడికిలి మూయకండి, మానిటర్ (స్టేజీ మీద మన వైపు పెట్టే స్పీకర్) వైపు తిప్పకండి, కూత పెడుతుంది.

వాయించేవాడు పాడితే జనం ఒప్పుకుంటారా అన్న టెన్షన్ మీ ప్రశ్నలో కనిపిస్తోంది. బాలు గారి ట్రూప్‌లో గిటార్, హార్మోనియం వాయించిన ఇళయరాజా గారు తర్వాత ఎన్ని పాటలు పాడారో మీకు తెలుసు. అంతెందుకు, మా ఊళ్లలో జనం అడిగేది పాట, పాడేవాడు నిన్నటిదాకా ఎక్కడ కూర్చున్నాడని ఎవరూ అడగలేదు. నన్ను అడిగింది మా ట్రూప్ వాళ్లే. పేమెంట్ సంగతి కూడా ముందే మాట్లాడుకోండి, వాయించేవాడి రేటుకే పాడించుకోవాలని చూస్తారు, అది న్యాయం కాదు.

మీ శ్రుతి ఎంతో, మీ దగ్గర ఫ్లూట్ లైవా లేక కీబోర్డ్‌లోనేనా చెప్పండి, మొదటి ప్రోగ్రాంకి ఏ వరుసలో పాడితే గొంతు నిలబడుతుందో రాస్తాను.