పంపు విప్పే ముందు గొట్టం చూడు, అల్లుడూ

ఆటోనగర్, విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసింది, నీళ్లలో కొలత ప్రకారం మందు కలిపే ఆ డోసింగ్ పంపు నిన్ను ఎంత ఏడిపిస్తోందో. గుంటూరు ప్లాంటులో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే రెండు డయాఫ్రంలు, అదే మందుని నెట్టే సాగే పొరలు, మార్చానన్నావు. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి నీళ్లలో క్లోరిన్ పడిపోతోందన్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను.

నువ్వు మధ్యాహ్నం అన్నావు చూడు, నాకు అక్కడే అనుమానం వచ్చింది. డయాఫ్రం చిరిగితే పొద్దున కూడా చిరిగే ఉంటుంది కదా. పొద్దున బాగుండి, ఎండ ముదిరాక డోసు తగ్గుతోందంటే ముందు హైపో సంగతి, అంటే నువ్వు కలిపే క్లోరిన్ మందు (సోడియం హైపోక్లోరైట్) సంగతి చూడాలి. హైపో వేడికీ వెలుతురుకీ తనంతట తానే విరిగిపోతుంది. విరిగేటప్పుడు ఆక్సిజన్ వదులుతుంది. ఆ బుడగలు ట్యాంకు నుంచి మందు లాగే సక్షన్ గొట్టం వెంట పాకి, డయాఫ్రం ఉండే పంపు హెడ్‌లో చేరతాయి. అప్పుడు డయాఫ్రం ముందుకీ వెనక్కీ ఆడుతూనే ఉంటుంది గానీ అది నొక్కేది గాలినే. మందు కదలదు. టక్ టక్ శబ్దం మాత్రం ఎప్పటిలాగే వినిపిస్తుంది.

ఆ శబ్దాన్ని నమ్మి నేనొకసారి రాత్రంతా నీళ్లకు మందు లేకుండా చేశాను. కొత్తలో ఒక ఫ్యాక్టరీలో వాల్వులు కడిగి బిగించి, పంపు ఆడుతోంది కదా అని ధీమాగా ఉన్నాను. తెల్లారి వచ్చిన పెద్ద ఫిట్టరు పంపు వైపు చూడనే లేదు. డ్రమ్ము దగ్గర వంగి, రాత్రి షిఫ్టు మొదట్లో సుద్దముక్కతో గీసిన గీత చూశాడు. మందు ఆ గీత దగ్గరే ఉంది, వేలెడంత కూడా దిగలేదు. విప్పి చూస్తే నేను డెలివరీ వైపు, అంటే మందు బయటికి పోయే వైపు, వాల్వు సీటు తలకిందులుగా పెట్టాను, మందు వెనక్కి రాకుండా ఆపే బాల్ దాని మీద కూర్చోవడం లేదు. నొక్కిన మందంతా మళ్లీ వెనక్కే వస్తోంది. అప్పటి నుంచి వాల్వు విప్పే ముందు ఫోటో తీసుకోమని అందరికీ చెబుతాను. అప్పట్లో మాకు ఫోన్లు లేవు, నీకు ఉంది. షిఫ్టు మారినప్పుడల్లా డ్రమ్ముకి గీత కూడా పెట్టించు.

ఇక నువ్వు చేయాల్సింది. సక్షన్ వైపు కొలత సిలిండర్ ఉందన్నావు, దాన్ని వాడు. నిండా నింపి, ట్యాంకు వాల్వు మూసి, పంపుని సరిగ్గా ఒక నిమిషం ఆ సిలిండర్ నుంచే లాగనివ్వు. నీది గంటకి 6 లీటర్ల పంపు. ఫుల్ స్ట్రోకు (డయాఫ్రం ఒక్కో కదలిక పొడవు), ఫుల్ స్పీడులో నిమిషానికి 100 మిల్లీలీటర్లు దిగాలి. ఇదే పని పొద్దున 6 గంటలకి ఒకసారి, మధ్యాహ్నం 2 గంటలకి ఒకసారి చెయ్యి. పొద్దున 100 వచ్చి మధ్యాహ్నం 40 వస్తే గ్యాసు పట్టిందనుకో. రెండు పూటలా 100 వచ్చి కూడా క్లోరిన్ తగ్గుతుంటే పంపుని ఏమీ అనకు, హైపో బలం తగ్గిపోయింది. రెండు పూటలా తక్కువే వస్తే సక్షన్ గొట్టం అడుగు చివర ఉండే ఫుట్ వాల్వు జాలీలో చెత్త, బాల్ కింద మడ్డి, లేదా సక్షన్‌లో గాలి. ఈ రెండు రీడింగులు తీయకుండా స్పానర్ పట్టుకోవద్దు.

గాలి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది తప్పేది ఇక్కడే. డెలివరీలో లీకైతే చుక్క కారి కంటికి కనిపిస్తుంది. ట్యాంకు పంపుకంటే కింద ఉంటే సక్షన్ లీకు అలా కాదు, బయటికి కారదు, గాలిని లోపలికి పీలుస్తుంది. తడి ఎక్కడా ఉండదు. అందుకే గొట్టం వెనక టార్చి పెట్టి చూడు. బుడగలు ఒక జాయింటు దగ్గరే పుడుతుంటే ఆ నట్టు విప్పి, వదులైన గొట్టం చివర అంగుళం కోసేసి మళ్లీ బిగించు. పంపు ఆపినా గొట్టం పొడవునా సన్న బుడగలు పుడుతూనే ఉంటే అది హైపో వదిలే గ్యాసు.

గ్యాసుకి విరుగుడు నీడే. రేకుల షెడ్డు కింద, ఎండ తగిలే గోడ పక్కన ట్యాంకు పెడితే గుంటూరు ఎండలకి ఏ హైపో అయినా ఉడికిపోతుంది. నెలకి సరిపడా ఒకేసారి తెప్పించకు, వారానికో పదిరోజులకో తెప్పించు. ట్యాంకు పంపుకంటే ఎత్తులో, గొట్టం పొట్టిగా ఉండనీ. స్ట్రోకు పొడవు పెంచి స్పీడు తగ్గించు, పొడుగు స్ట్రోకు గ్యాసుని బాగా నెట్టేస్తుంది. పలచన చేస్తే విరగడం నెమ్మదిస్తుంది, అయితే బోరు నీళ్లతో కలపకు. ఆ ఉప్పునీళ్లతో కలిపితే మందు నీళ్ల లైనులోకి పడే ఇంజెక్షన్ వాల్వు దగ్గర సున్నం గట్టిపడి దారి మూసుకుపోతుంది.

ఆ సున్నం తీయడానికి యాసిడ్ వాడతారు. ఇక్కడ మాత్రం నా మాట కచ్చితంగా విను. లైనులో, హెడ్‌లో హైపో చుక్క కూడా మిగలకుండా మంచినీళ్లతో బాగా కడిగాకే యాసిడ్ ముట్టుకో. రెండూ కలిస్తే అక్కడికక్కడే క్లోరిన్ గ్యాసు వస్తుంది, ప్రాణం మీదికి తెస్తుంది. డెలివరీ ప్రెషర్ దించకుండా నట్టు విప్పకు, కళ్లద్దాలూ చేతులకు గ్లవ్సూ లేకుండా అసలే విప్పకు. ఒక్కడివే ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకు.

పంపు ఆపినా ట్యాంకు దానంతటదే దిగిపోతుంటే అది సైఫన్. డెలివరీ లైనులో ఒత్తిడి నిలిపే బ్యాక్ ప్రెషర్ వాల్వు పెట్టిస్తే ఆగుతుంది.

డయాఫ్రం నిజంగా పోతే హెడ్ వెనక ఉండే చిన్న రంధ్రంలోంచి మందు కారుతుంది. నువ్వు మార్చిన రెండుసార్లూ అక్కడ తడి ఉందా? నాకు అనుమానమే. ఆ పాత డయాఫ్రంలు రెండూ పారేయకుండా కవర్లో వేసి పెట్టు. ఈసారి మన ఊరు వచ్చినప్పుడు, బస్టాండులో దిగగానే నేరుగా షాపుకి తీసుకురా. వెలుతురుకి పట్టి చూసి చెబుతాను, అవి పోయాయో, బాగున్నవే మార్చేశావో.