మాన్‌స్టర్ రీబార్న్ పనిచేశాక ముందు కదిలేది ఎవరు?

మీరు రాసి అడిగిన యూ-గి-ఓ కార్డుల ఆట గొడవలో తీర్పు మీ తమ్ముడి వైపే. కానీ అతను చెప్పిన కారణం తప్పు. ఆ కారణాన్ని సరిచేసుకోకపోతే ఇదే తగువు ఇంకో కార్డు దగ్గర మళ్లీ వస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీరు రాసినది ఇది. యూ-గి-ఓలో మీ వంతు నడుస్తోంది. మాన్‌స్టర్ రీబార్న్ వేసి గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) నుంచి లోన్‌ఫైర్ బ్లాసమ్ అనే మాన్‌స్టర్‌ను తెచ్చారు. వెంటనే దాన్నే ట్రిబ్యూట్ చేసి, అంటే బలిచ్చి, డెక్‌లోంచి మరో ప్లాంట్ మాన్‌స్టర్‌ను దించబోయారు. ఇంతలో మీ తమ్ముడు బోర్లించి పెట్టుకున్న బుక్ ఆఫ్ మూన్‌ను (ఒక మాన్‌స్టర్‌ను బోర్లించే కార్డు) తిప్పి, "నువ్వు ఒకటి ఆడావు కదా అన్నయ్యా, ఇప్పుడు నేను ఆడాలి" అన్నాడు. "వంతు నాది, నేను ఆపేదాకా నువ్వు ఆగాలి" అన్నది మీ మాట.

ఇద్దరూ రమ్మీ లెక్కలోనే ఆలోచిస్తున్నారు. పేకాటలో ముక్క ఎత్తిన దగ్గర నుంచి ముక్క వేసేదాకా పూర్తిగా ఒకరిదే, ఆ తరువాత పక్కవాడిది. మన ఇళ్లలో ఆట అంటే మనసులో స్థిరపడిన పద్ధతి అదే. ఇక్కడ మాత్రం వంతు ఒకరిదే అయినా, ఆ వంతులోనే కదిలే అవకాశం చేతులు మారుతూ ఉంటుంది. అది ఎప్పుడు ఎవరి చేతిలో ఉంటుందో, దానితో ఏమేమి చేయవచ్చో రెండూ కలిపి చూడాలి.

యూ-గి-ఓలో చెయిన్ (ఒకదానికి జవాబుగా ఇంకొకటి వేస్తూ కట్టిన ఎఫెక్టుల వరుస) మొత్తం చివరి లింకు నుంచి మొదటి లింకు దాకా మధ్యలో ఎవరూ వేలు పెట్టకుండా పూర్తవుతుంది. పూర్తయ్యాక, ట్రిగ్గర్ ఎఫెక్టులేవీ (ఏదో ఒకటి జరిగినందుకు మొదలయ్యేవి) ఎదురుచూడకపోతే, మొదటి అవకాశం వంతు ఉన్న ఆటగాడిదే. అంటే మీదే. అంతవరకు మీ మాట నిజం. కానీ ఆ అవకాశం ఫాస్ట్ ఎఫెక్టులకు మాత్రమే, అంటే క్విక్-ప్లే స్పెల్స్, ట్రాప్ కార్డులు, మాన్‌స్టర్ల క్విక్ ఎఫెక్టుల వంటివాటికి. లోన్‌ఫైర్‌ది ఇగ్నిషన్ ఎఫెక్ట్, అంటే తన వంతులో, మధ్యలో ఏదీ నడవనప్పుడు మాత్రమే వాడగలిగేది. దాని స్పెల్ స్పీడ్ 1, వేగం లెక్కలో అన్నిటికంటే కింది మెట్టు. అది ఆ సందులో పట్టదు. మీరు ఫాస్ట్ ఎఫెక్ట్ ఏదీ వాడకపోతే అదే అవకాశం మీ తమ్ముడికి వెళ్తుంది. అతను కూడా వద్దంటేనే ఆ సందు ముగుస్తుంది, మీరు మళ్లీ స్వేచ్ఛగా ఏదైనా చేయవచ్చు. "నేను లోన్‌ఫైర్ వాడుతున్నాను" అని మీరు నేరుగా అన్నారంటే, ఫాస్ట్ ఎఫెక్ట్ అవకాశాన్ని వదులుకున్నట్టే లెక్క. మీ తమ్ముడు ఆ క్షణంలో ఆపవచ్చు.

ఈ చిన్న సందు అతనికి ఎంత ముఖ్యమో చూడండి. లోన్‌ఫైర్‌కు ట్రిబ్యూట్ అనేది ఖర్చు. ఎఫెక్ట్ ప్రకటించిన క్షణంలోనే అది బల్ల మీద నుంచి వెళ్లిపోతుంది. ఆ తరువాత బుక్ ఆఫ్ మూన్ తిప్పితే బోర్లించడానికి అక్కడ లోన్‌ఫైర్ ఉండదు. కాబట్టి అతనికి పనికొచ్చే ఏకైక సమయం రీబార్న్ పూర్తయిన తరువాత, మీ ట్రిబ్యూట్‌కు ముందు. ఆ సందు అతనికి నియమం ఇచ్చిన హక్కు. చేతివేగం మీద ఆధారపడినది కాదు.

నేను ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. మీ వాదనే నేను కూడా ఒక దుకాణంలో, టోర్నమెంట్ మధ్యలో, గొంతు పెంచి చేశాను. నేను ఆట నేర్చుకున్నది 2009లో హాస్టల్లో, ఒక సీనియర్ దగ్గర. అప్పటి నియమం వేరు. మాన్‌స్టర్ సమన్ అయిన (బల్ల మీదకు దిగిన) వెంటనే, ఎదుటివాడు కదలకముందే, దాని ఇగ్నిషన్ ఎఫెక్ట్ వాడుకోవచ్చు. దాన్నే "ప్రయారిటీ" అనేవాళ్లం. 2011లో ఆ వెసులుబాటు తీసేశారు. నేను చదువు, ఉద్యోగం అంటూ ఆటకు దూరమై చాలా ఏళ్ల తరువాత తిరిగి వచ్చాను, పాత అలవాటుతోనే. ఆ రోజు నా ఎదుట కూర్చున్న అబ్బాయికి పదిహేనేళ్లు ఉంటాయేమో. జడ్జి వచ్చి, నేను గ్రేవ్‌యార్డ్‌లో పెట్టేసిన కార్డును తిరిగి బల్ల మీదకు తెప్పించి, ఆ అబ్బాయిని "ఇప్పుడు చెప్పు, నువ్వు ఏమి చేయాలనుకున్నావు?" అని అడిగారు. అంతసేపూ ఆ అబ్బాయి వణుకుతున్న వేళ్లతో తన కార్డు అంచు పట్టుకునే ఉన్నాడు. ఆట అయ్యాక క్షమాపణ చెప్పాను. ఇంటర్నెట్‌లో మీకు రెండు రకాల సమాధానాలు దొరికాయని రాశారు కదా, కారణం బహుశా ఇదే. 2011కి ముందు రాసినవి ఇంకా అలాగే ఉన్నాయి.

ట్రిగ్గర్ ఎఫెక్ట్ ఉన్న మాన్‌స్టర్ అయితే కథ మారుతుంది. "సమన్ అయినప్పుడు" అని రాసి ఉంటే, ఆ ఎఫెక్టే ముందు కొత్త చెయిన్ మొదలుపెడుతుంది. మీ తమ్ముడు దానికి చెయిన్ చేయగలడు కానీ దానికంటే ముందు దూరలేడు. ఇద్దరికీ ట్రిగ్గర్లు ఒకేసారి వస్తే మీ తప్పనిసరివి, అతని తప్పనిసరివి, మీ ఐచ్ఛికమైనవి, అతని ఐచ్ఛికమైనవి, ఈ వరుసలో చెయిన్ కడతారు.

ఇంకో మాట. మొదటి అవకాశం మీదే అని తెలిశాక దాన్ని వాడేయాలనిపిస్తుంది. చేతిలో ఫర్బిడెన్ లాన్స్ ఉందనుకోండి, ముందే లోన్‌ఫైర్ మీద వేసేయవద్దు. వేస్తే మీ తమ్ముడు బుక్ ఆఫ్ మూన్‌ను దానికి చెయిన్ చేస్తాడు, అదే ముందు పనిచేస్తుంది, లోన్‌ఫైర్ బోర్లా పడుతుంది. ఆగండి. అతను బుక్ తిప్పాక మీరు లాన్స్ చెయిన్ చేస్తే, లాన్స్ ముందు పనిచేసి ఇతర స్పెల్, ట్రాప్ ఎఫెక్టులేవీ లోన్‌ఫైర్‌ను తాకకుండా చేస్తుంది. అప్పుడు అది తెరిచే ఉంటుంది.

మీరు చివర్లో "మ్యాజిక్‌లో కూడా ఇంతేనా" అని ఇంకో కార్డుల ఆట గురించి అడిగారు. కాదు, సరిగ్గా ఇక్కడే రెండు ఆటలూ విడిపోతాయి. మ్యాజిక్: ద గ్యాదరింగ్‌లో స్టాక్ (వేసినవి పనిచేయడానికి ఎదురుచూసే వరుస) మీద ఒకటి పనిచేయగానే ప్రయారిటీ, అంటే ముందు కదిలే హక్కు, వంతు ఉన్న ఆటగాడికి వస్తుంది. అది తన మెయిన్ ఫేజ్ అయి, స్టాక్ ఖాళీగా ఉంటే, సోర్సరీ (తన వంతులోనే వేయగల మంత్రం) వేయవచ్చు, ప్లేన్స్‌వాకర్ (బల్ల మీద ఉండి సామర్థ్యాలు వాడే పాత్ర కార్డు) సామర్థ్యం వాడవచ్చు. యూ-గి-ఓలోలా ఫాస్ట్ ఎఫెక్టులే వాడాలన్న షరతు లేదు. యూ-గి-ఓ అలవాటుతో నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఎదుటి ఆటగాడు లిలియానా ఆఫ్ ద వెయిల్ అనే ప్లేన్స్‌వాకర్‌ను దించాడు. లాయల్టీ 3, అది సున్నా అయితే ఆ కార్డు పోతుంది. నా చేతిలో లైట్నింగ్ బోల్ట్, 3 డ్యామేజ్, సరిగ్గా సరిపోతుంది. "ఆగు, నేను బోల్ట్ వేస్తాను" అన్నాను. అతను అప్పటికే దాని +1 సామర్థ్యం వాడి లాయల్టీ గుర్తును 4కు తిప్పాడు. ఆ +1 కూడా ఖర్చే, దాన్ని నేను ఆపలేను. బోల్ట్ వేశాను, 1 మిగిలింది, లిలియానా బతికింది, సామర్థ్యం పనిచేసి ఇద్దరం ఒక్కో కార్డు పారేశాం. మ్యాజిక్ నియమం 117.3బి చెప్పేది అదే, ఒకటి పనిచేశాక ప్రయారిటీ వంతు ఉన్నవాడిదే. ఇదే నియమం వల్ల, ఎదుటివాడి వంతులో మీరు ఇన్‌స్టెంట్ (ఎవరి వంతులోనైనా వేయగల మంత్రం) వేసి అది పనిచేసినా, తరువాత ముందు కదిలేది మీరు కాదు, అతనే. ఇంకో తేడా, మ్యాజిక్‌లో స్టాక్ ఒక్కసారిగా దిగదు. ఒక్కొక్కటి పనిచేశాక మళ్లీ ప్రయారిటీ తిరుగుతుంది. పోకెమాన్ కార్డులలో ఈ తలనొప్పి దాదాపు లేనే లేదు, మీ వంతులో ఎదుటివాడు కార్డులు వేయడు.

ఇక మీ ఆటలో చేయాల్సింది. లోన్‌ఫైర్‌ను తిరిగి బల్ల మీద పెట్టండి, డెక్‌లోంచి తీసిన కార్డును వెనక్కి కలపండి, బుక్ ఆఫ్ మూన్ పనిచేయనివ్వండి. ఇకపై ఏదైనా పూర్తవగానే "రీబార్న్ అయిపోయింది, ఏమైనా ఉందా తమ్ముడూ?" అని ఒక్క మాట అడిగి, అతను లేదన్నాకే కార్డు ముట్టుకోండి. ఒకటి మాత్రం ముందు సరిచూడండి. ఆ బుక్ ఆఫ్ మూన్‌ను అతను మీ వంతు మొదలవకముందే బోర్లించాడా? క్విక్-ప్లే స్పెల్‌ను ఎదుటివాడి వంతులో చేతిలోంచి నేరుగా వేయడం కుదరదు. అలా చేతిలోంచి వేసి ఉంటే మాత్రం అతని బుక్ చెల్లదు, మీ ట్రిబ్యూట్ చెల్లుతుంది.