పెన్ను గొట్టానికి ఏ ఎపాక్సీ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

లేత్ మీద సొంతంగా పెన్నులు చేసుకునే పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం జిగురు గురించే ఉన్నందువల్ల, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాం. ఈ పనికి కొత్తవారి కోసం ఒక్క మాట: చెక్కముక్కకు నిలువునా రంధ్రం వేసి, అందులో పలుచని ఇత్తడి గొట్టాన్ని అతికించిన తర్వాతే చెక్కను గుండ్రంగా తీస్తారు. పెన్ను లోహభాగాలన్నీ చివరికి ఆ గొట్టంలోకే బిగుసుకుంటాయి కాబట్టి, పైకి కనిపించని ఆ జిగురుపొర మీదే పెన్ను మన్నిక ఆధారపడి ఉంటుంది.

ప్రశ్న: ఐదు నిమిషాల ఎపాక్సీ, ముప్పై నిమిషాల ఎపాక్సీ, ఒక రోజు పట్టే ఎపాక్సీ అని రకరకాలు అమ్ముతున్నారు. త్వరగా పట్టేదాన్ని కొంటే నష్టమేమైనా ఉందా?

జవాబు: ట్యూబు మీద వేసిన ఆ సంఖ్య సాధారణంగా జిగురు పూర్తిగా గట్టిపడే కాలాన్ని సూచించదు. ఎపాక్సీ జిగురులో విడివిడిగా వచ్చే రెండు భాగాలైన రెజిన్‌నూ, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌నూ కలిపిన క్షణం నుంచి అది పనికి లొంగే స్థితిలో ఎంతసేపు ఉంటుందో మాత్రమే చెబుతుంది. ఐదు నిమిషాల రకానికి కూడా పూర్తి బలం రావడానికి దాదాపు 24 గంటలు పడుతుంది. కాబట్టి త్వరగా పట్టేదాన్ని కొన్నంత మాత్రాన అదే రోజు పెన్ను పూర్తిచేయవచ్చని అనుకోవడం సరికాదు.

పైగా ఆ సంఖ్యను గది ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉన్నప్పుడు లెక్కిస్తారు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఈ రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. అంటే, ఎండలు ముదిరిన రోజున ఐదు నిమిషాల జిగురు రెండున్నర నిమిషాలకే బిగుసుకోవచ్చు. ఆ వ్యవధిలో రెండు గొట్టాలకు పూసి, రెండింటినీ సరిగా దించడం చేయి తిరిగినవారికి కూడా కష్టమే. కలిపిన జిగురును చిన్న గిన్నెలో ముద్దగా ఉంచితే, చర్యలో పుట్టిన వేడి బయటికి పోలేక అది ఇంకా త్వరగా బిగుస్తుంది. పలుచని రేకు మీద పరిచి ఉంచితే కొంత వ్యవధి మిగులుతుంది.

బలం విషయంలోనూ తేడా ఉంది. త్వరగా పట్టే రకాలలో సాధారణంగా మెర్కాప్టాన్ జాతి హార్డెనర్లు, నిదానంగా పట్టే వాటిలో అమైన్లు లేదా పాలీఅమైడ్లు ఉంటాయి. మొదటి జాతి తేమకూ వేడికీ తొందరగా లొంగుతుంది. పాలీఅమైడ్ రకాలు గట్టిపడిన తర్వాత కూడా కొంత సాగే గుణాన్ని నిలుపుకుంటాయి. చెక్క గాలిలోని తేమను బట్టి ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది, ఇత్తడి మాత్రం తేమకు కదలదు. వాటి నడుమ ఉన్న జిగురు ఏళ్ల తరబడి ఆ ఒత్తిడిని భరించవలసి ఉంటుంది కాబట్టి, ఆ కాస్త సాగే గుణం ఎంతో విలువైనది. వేడి సంగతి కూడా మరువరాదు. గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన మామూలు ఎపాక్సీలు చాలావరకు 50–60 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. ఉప్పుకాగితంతో గట్టిగా రుద్దేటప్పుడూ, పాలిష్ పట్టేటప్పుడూ పలుచని చెక్క ఆ వేడిని సులభంగా అందుకుంటుంది.

ఈ కారణాలన్నిటివల్ల, పెన్ను గొట్టాలకు ముప్పై నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ వ్యవధి ఇచ్చే రకాన్నే కొనవలసిందిగా నా సలహా. కొత్తగా నేర్చుకునేవారు త్వరగా పట్టేది తమకు సులువనుకుంటారు గానీ, నిజానికి తడబడే చేతికి వ్యవధి ఇచ్చే జిగురే మేలు చేస్తుంది.

ప్రశ్న: సూపర్ గ్లూతో నిమిషంలో పని అయిపోతుండగా ఎపాక్సీ ఎందుకు? పాలీయురెథేన్ జిగురు సంగతేమిటి?

జవాబు: సూపర్ గ్లూ ఉపరితలం మీద ఉండే లేశమాత్రపు తేమతోనే బిగుస్తుంది. గొట్టం రంధ్రంలోకి సగం దిగి అక్కడే ఆగిపోవడం ఈ జిగురుతో తరచూ జరిగే ప్రమాదం. ఆ తర్వాత దాన్ని ముందుకు తోయడం గానీ వెనక్కి లాగడం గానీ సాధ్యం కాదు. అది బిగిశాక పెళుసుగా ఉంటుంది, పెన్ను కింద పడినప్పుడు కలిగే అదురుకు విడిపోవచ్చు, ఖాళీలను నింపే శక్తి కూడా తక్కువ. చెక్కలోని సన్నని పగుళ్లను పట్టి ఉంచడానికీ, పెన్ను పైన మెరుపు పూతగానూ అది చక్కగా పనికివస్తుంది. దాని స్థానం అక్కడే.

ఎపాక్సీలో ఆవిరైపోయే నీరు గానీ ద్రావకం గానీ దాదాపు ఉండదు కాబట్టి అది గట్టిపడేటప్పుడు చాలా తక్కువగా కుంచించుకుంటుంది. దీని ఆవిష్కర్తలలో ఒకరైన స్విట్జర్లాండ్ రసాయన శాస్త్రవేత్త పియరె కాస్టాన్ 1930లలో కట్టుడు పళ్లకు తగిన పదార్థం కోసం వెతుకుతూనే ఈ దారి పట్టారు. అక్కడ కూడా కుంచించుకోని గుణమే ప్రధానం. ఆయన పేటెంట్ హక్కులు పొందిన సీబా కంపెనీ 1946లో అరాల్డైట్ పేరుతో జిగురును విడుదల చేసింది. రంధ్రానికీ గొట్టానికీ నడుమ ఉండే సన్నని సందును ఖాళీ లేకుండా నింపడానికి పెన్ను చేసేవారికి కావలసినదీ ఆ గుణమే.

పాలీయురెథేన్ జిగురు తేమతో గట్టిపడుతూ నురుగులా ఉబ్బుతుంది. పట్టు మంచిదే, కానీ ఆ నురుగు గొట్టాన్ని బయటికి నెట్టగలదు, గొట్టం లోపలికీ చేరగలదు. రాత్రంతా గొట్టం కదలకుండా బిగించి ఉంచే ఏర్పాటు ఉన్నవారు వాడుకోవచ్చు.

ప్రశ్న: నిదానంగా పట్టే మంచి ఎపాక్సీనే వాడాను. అయినా చివరలో లోహభాగాన్ని నొక్కి బిగిస్తుండగా గొట్టం చెక్క నుంచి విడిపోయి లోపలే తిరిగింది. లోపం జిగురుదేనా?

జవాబు: ఊడిన గొట్టాన్ని బయటికి తీసి జాగ్రత్తగా చూడండి, కారణం అక్కడే తెలుస్తుంది. జిగురంతా చెక్కకే అంటుకుని, ఇత్తడి నున్నగా మెరుస్తూ కనిపిస్తే గొట్టాన్ని సరిగా సిద్ధం చేయలేదని అర్థం. గొట్టం మీద కొన్నిచోట్ల జిగురు ఉండి, కొన్నిచోట్ల అసలు తగలనట్టు కనిపిస్తే పూయడంలో లోపం జరిగింది. జిగురు ఇంకా గోటికి లొంగుతూ ఉంటే కలపడంలో పొరపాటు జరిగింది లేదా తొందరపడ్డారు. నా దృష్టిలో, ఇటువంటి వైఫల్యాలలో జిగురు రకం పాత్ర కన్నా గొట్టాన్ని సిద్ధం చేసిన తీరు పాత్రే పెద్దది.

కొత్త గొట్టం మీద తయారీలో అంటిన నూనె జాడలూ, గాలి తగిలి ఏర్పడిన ఆక్సైడ్ పొరా ఉంటాయి. 150 నంబరు ఉప్పుకాగితంతో మెరుపు పూర్తిగా పోయేవరకు అడ్డంగానూ ఏటవాలుగానూ రుద్ది, అసిటోన్‌తో గానీ స్పిరిట్‌తో గానీ తుడిచి, ఆ తర్వాత వేళ్లతో ముట్టుకోకుండా అదే రోజు అతికించాలి. ఇత్తడి మీద ఆ పొర మళ్లీ ఏర్పడుతుంది కాబట్టి వారాల ముందే రుద్ది దాచుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. రంధ్రంలోని పొడిని కూడా పూర్తిగా ఊదేయాలి.

పూసే పద్ధతి దగ్గర చాలామంది పొరబడతారు. జిగురును గొట్టానికి మాత్రమే పూస్తే, లోపలికి తోస్తున్నప్పుడు రంధ్రం అంచు దాన్ని గీకి బయటే వదిలేస్తుంది. లోపలి భాగం పొడిగా మిగిలిపోతుంది. అందుకని సన్నని పుల్లతో రంధ్రం గోడలకూ పూసి, గొట్టానికీ పూసి, మెల్లగా తిప్పుతూ దించాలి. గొట్టం కొనలను ముందే మైనంతో గానీ మెత్తని బొమ్మల మట్టితో గానీ మూసి ఉంచితే జిగురు లోపలికి చేరదు. కొనలను చదును చేసే కట్టర్‌ను 24 గంటలు గడిచిన తర్వాతే వాడండి, ఎందుకంటే ఆ పనిముట్టు గొట్టాన్ని మెలితిప్పుతుంది, వేడినీ పుట్టిస్తుంది. డ్రిల్ చేసిన వెంటనే చెక్క వేడిగా ఉంటుంది. అది పూర్తిగా చల్లారేదాకా కూడా ఆగాలి.

ప్రశ్న: రోజ్‌వుడ్, టేకు వంటి చెక్కలకు పట్టు నిలవడం లేదు.

జవాబు: వాటిలోని సహజమైన నూనెలు అడ్డుపడుతున్నాయి. రంధ్రం లోపల అసిటోన్‌తో తుడిచి, అది ఆరగానే అతికించండి. ఆలస్యం చేస్తే లోపలి నూనె మళ్లీ పైకి వస్తుంది.

ప్రశ్న: వెలుతురు చొరబడే అక్రిలిక్‌తో చేసిన పెన్నులో ఇత్తడీ, జిగురు మరకలూ కనిపిస్తున్నాయి. గొట్టానికి రంగు వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు. అయితే అప్పుడు జిగురు పట్టేది రంగు పొరను గానీ ఇత్తడిని కాదు. రంగు ఊడితే గొట్టమూ ఊడుతుంది. ఎపాక్సీకి సరిపడే రంగుపొడిని అతి స్వల్పంగా జిగురులోనే కలిపి, గొట్టం చుట్టూ ఖాళీ లేకుండా నింపే పద్ధతిని నేను ఎక్కువగా ఇష్టపడతాను. అక్రిలిక్ రంధ్రం గోడలు నున్నగా ఉంటాయి కాబట్టి వాటిని కూడా ఉప్పుకాగితం చుట్టతో గరుకు చేయండి.

ప్రశ్న: మర్నాటికి కూడా జిగురు బంకగానే ఉంది. హార్డెనర్ కొంచెం ఎక్కువ వేస్తే గట్టిపడుతుందా?

జవాబు: గట్టిపడదు, ఇంకా చెడుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ కేవలం చర్యను ప్రేరేపించే పదార్థం కాదు. రెజిన్‌తో ఒక నిర్ణీత పాళ్లలో కలిసి, అదే ఘనపదార్థంలో భాగమవుతుంది. ఎక్కువైన భాగం చర్యలో పాల్గొనక బంకగా మిగిలిపోతుంది. తయారీదారు 1:1 అని చెప్పినప్పుడు అది పరిమాణంలోనా బరువులోనా అన్నది తప్పక చూడండి, ఎందుకంటే రెండు ద్రవాల సాంద్రతలు ఒకటి కావు. ఒక్క పెన్నుకు కావలసినంత కొద్ది మొత్తంలో చిన్న తేడా కూడా పాళ్లను చెడగొడుతుంది. కొంత వృథా అయినా కాస్త ఎక్కువే కలపడం మంచిది. కనీసం ఒక నిమిషం పాటు అడుగునూ అంచులనూ గీకుతూ కలపాలి. నిల్వ ఉన్న రెజిన్ చలికి గూడుకట్టి పలుకులుగా కనిపిస్తే, సీసాను వేడినీటిలో ఉంచి మళ్లీ తేటపడ్డాక వాడండి. కలిపినదానిలో మిగిలినదాన్ని అట్టముక్క మీద ఉంచి, అది గోటికి లొంగనంతగా గట్టిపడిన తర్వాతే లేత్ పని మొదలుపెట్టండి.

ప్రశ్న: ఈ పని మొదలుపెట్టాక వేళ్ల మీద దురద, ఎర్రదనం వస్తున్నాయి. జిగురువల్లనే అయి ఉంటుందా?

జవాబు: అయి ఉండే అవకాశం బలంగా ఉంది, దీన్ని తేలికగా తీసుకోవద్దు. గట్టిపడని ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ ఏర్పడవచ్చు. ఒకసారి ఏర్పడితే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ఆ తర్వాత అతి కొద్ది మోతాదు తగిలినా బయటపడుతుంది. వెంటనే పని ఆపి చర్మవైద్యుణ్ని కలవండి. అలర్జీ లేనివారు కూడా నైట్రైల్ చేతితొడుగులు వేసుకోవాలి. లేటెక్స్ తొడుగుల రక్షణ ఇక్కడ చాలదు. చర్మానికి అంటిన జిగురును అసిటోన్‌తోనో థిన్నర్‌తోనో తుడవకండి, అది పదార్థాన్ని చర్మంలోకి మరింతగా చొప్పిస్తుంది. పొడిగుడ్డతో తీసి, సబ్బునీటితో కడగాలి. పూర్తిగా గట్టిపడని జిగురును ఉప్పుకాగితంతో రుద్దవద్దు, ఆ ధూళి కూడా అంతే హాని చేస్తుంది.