మోడలర్ శబ్దం బాగోలేదని ఎఫ్‌ఆర్‌ఎఫ్‌ఆర్ స్పీకర్ కొనాలా?

హెలిక్స్‌ని (యాంప్, స్పీకర్, ఎఫెక్ట్‌ల శబ్దాన్ని డిజిటల్‌గా అనుకరించే మోడలర్) పాత గిటార్ యాంప్‌లో పెడితే శబ్దం దుప్పటి కప్పినట్టు వస్తోంది, ఎఫ్‌ఆర్‌ఎఫ్‌ఆర్, అంటే బేస్ నుంచి ట్రెబుల్ దాకా అన్నిటినీ సమానంగా పలికే ఫ్లాట్ స్పీకర్ కొననా అని ఒకరు అడిగారు. ఆగండి. మోడలర్‌లో క్యాబ్ బ్లాక్ (గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించే భాగం) ఆన్‌లో ఉంది, బయట అసలు క్యాబ్ ఉండనే ఉంది. సెలెస్టియన్ వింటేజ్ 30 లాంటి గిటార్ స్పీకర్ పలికేదే 70 నుంచి 5000 హెర్ట్జ్ దాకా. ఆ కోత రెండుసార్లు పడుతోంది. క్యాబ్ బ్లాక్ ఆపి, కేబుల్‌ని ముందు ఇన్‌పుట్‌లో కాకుండా వెనక ఎఫెక్ట్స్ రిటర్న్‌లో (యాంప్ ప్రీయాంప్‌ని దాటేసే ఇన్‌పుట్) పెట్టి చూడండి.

ఫ్లాట్ స్పీకర్‌కి లెక్క తిరగబడుతుంది. క్యాబ్ బ్లాక్ ఉండి తీరాలి, లేదంటే డిస్టార్షన్ కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది.

కొన్నాక అసలు తంటా ప్యాచ్‌లతో, అంటే మోడలర్‌లో దాచుకున్న సెట్టింగ్‌లతో. అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్‌లో, తక్కువ వాల్యూమ్‌లో చేసిన ప్యాచ్ బ్రహ్మాండంగా ఉంటుంది. మర్నాడు డ్రమ్స్ పక్కన పెంచగానే బేస్ గుంయ్‌మంటుంది, ట్రెబుల్ చెవిలో గుచ్చుతుంది, గిటార్ మాత్రం వినపడదు. తప్పు స్పీకర్‌ది కాదు. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగా అందవు కాబట్టి రెండూ పెంచేసి, మిడ్స్ తగ్గించేసి ఉంటారు. రిహార్సల్ వాల్యూమ్‌లో మళ్ళీ కూర్చోండి: లో కట్ (దాని కిందిది కోసేది) 80–100 హెర్ట్జ్, హై కట్ (దాని పైది కోసేది) 6–8 కిలోహెర్ట్జ్, గెయిన్ కాస్త తక్కువ, మిడ్స్ కాస్త ఎక్కువ. స్పీకర్ మీద డీజే, బేస్ బూస్ట్ లాంటి మోడ్‌లుంటే ఆపేయండి. ఫ్లాట్ అని కొని వాటిని నొక్కేవాళ్ళకి ఏం చెప్పాలి?

డబ్బా మీది 2000 వాట్ల అంకెకి మోసపోకండి, అది పీక్, అంటే క్షణకాలపు గరిష్ఠం. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. అంతకంటే పెట్టే చోటు ముఖ్యం. నేల మీద, గోడ మూలన పెడితే బేస్ దానంతటదే ఉబ్బుతుంది. స్టాండ్ ఎక్కించండి, లేదా స్టేజీ మానిటర్‌లా వాల్చి, ట్రెబుల్ పలికే హార్న్‌ని చెవి వైపు తిప్పండి. హార్న్ మోకాళ్ళకి వాయిస్తుంటే మీరు ట్రెబుల్ పెంచుకుంటూ పోతారు, ఎదుట కూర్చున్నవాళ్ళు చెవులు మూసుకుంటారు.

మోడలర్ నుంచి స్పీకర్‌కి కేబుల్ బ్యాలెన్స్‌డ్ (హమ్‌ని అడ్డుకునే రకం) అయ్యుండాలి, రెండు వైపులా లైన్ లెవెల్ (మైక్ కంటే బలమైన సిగ్నల్) పెట్టాలి. లైన్ సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కిస్తే పగులుతుంది. మైక్ లెవెల్‌ని లైన్‌కిస్తే నీరసంగా వచ్చి హిస్ పెరుగుతుంది. హమ్ వస్తే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కండి. అంతేగానీ ప్లగ్‌లో ఎర్త్ పిన్ పీకొద్దు, షాక్ కొడుతుంది.