కంప్యూటర్ సందేహాలు: లినక్స్ డెస్క్‌టాప్‌లో టొరెంట్ సాఫ్ట్‌వేర్

ప్రశ్న: మా పాత డెస్క్‌టాప్‌లో విండోస్ 10 ఉండేది. 2025 అక్టోబరులో దానికి మద్దతు ఆగిపోవడంతో మా అబ్బాయి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇచ్చి, ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళిపోయాడు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాలను దింపుకోవాలని ఆశ. బ్రౌజర్‌తో దింపుతుంటే కరెంటు పోయినప్పుడల్లా పని మళ్ళీ మొదటికొస్తోంది. టొరెంట్ వాడమని ఒక మిత్రుడు చెబితే, ఏదో వెబ్‌సైట్ నుంచి డెబ్ ఫైల్ (లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) దింపి తెరిచాను. అది పాస్‌వర్డ్ అడగడంతో భయమేసి ఆపేశాను. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి? టొరెంట్ వాడటమే నేరమని కొందరు అంటున్నారు, నిజమేనా?
– ఒక విశ్రాంత అధ్యాపకుడు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: పాస్‌వర్డ్ అడిగినచోట ఆగిపోయి చాలా మంచి పని చేశారు. డెబ్ ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అందులోని స్క్రిప్టులు కంప్యూటర్ మొత్తం మీద అధికారం ఉన్న రూట్ ఖాతా పేరున నడుస్తాయి కాబట్టి, ఎవరు తయారుచేశారో తెలియని ఫైల్‌కు పాస్‌వర్డ్ ఇవ్వడమంటే ముక్కూమొహం తెలియనివాడి చేతికి ఇంటి తాళాలు ఇవ్వడమే. ఆ ఫైల్‌ను తొలగించండి. మీకు దాని అవసరమే లేదు. లినక్స్ మింట్‌తో పాటే ట్రాన్స్‌మిషన్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేర్ వస్తుంది. మెనూలో ఇంటర్నెట్ విభాగం తెరిచి చూడండి. అక్కడ కనబడకపోతే, అదే మెనూలోని సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ట్రాన్స్‌మిషన్ అని వెతికి, ఇన్‌స్టాల్ నొక్కితే సరిపోతుంది. టెర్మినల్ అలవాటున్నవారు ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ట్రాన్స్‌మిషన్-జీటీకే’ అన్న ఒక్క ఆదేశంతో ఇదే పని చేసుకోవచ్చు. పాస్‌వర్డ్ అప్పుడూ అడుగుతుంది. కానీ ఈ రెండు దారుల్లోనూ సాఫ్ట్‌వేర్ వచ్చేది మింట్ వాడే అధికారిక భాండాగారం (రిపాజిటరీ) నుంచి; అందులోని ప్యాకేజీల జాబితా మీద నిర్వాహకుల డిజిటల్ సంతకం ఉంటుంది, ఆ సంతకం సరిపోలకపోతే సిస్టమే హెచ్చరించి ఆపుతుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2016 మార్చిలో ట్రాన్స్‌మిషన్ సొంత వెబ్‌సైట్‌లోకే దుండగులు చొరబడి, మ్యాక్ కంప్యూటర్ల కోసం అక్కడ ఉంచిన 2.90 వెర్షన్‌లో కీరేంజర్ అనే హానికర ప్రోగ్రామ్‌ను కలిపేశారు. అది మూడు రోజులు చడీచప్పుడు లేకుండా ఉండి, ఆ తరువాత యజమాని ఫైళ్ళను తెరవడానికి వీల్లేకుండా ఎన్‌క్రిప్ట్ చేసి, విడిపించడానికి ఒక బిట్‌కాయిన్ అడిగేది. అంతకు ముందు నెలలోనే, ఫిబ్రవరి 20న, లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లో 17.3 సినమన్ వెర్షన్ ఐఎస్ఓ (ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైల్) లంకెను మార్చి, దొంగదారి అమర్చిన నకిలీ ఐఎస్ఓ వైపు మళ్ళించారు. అసలు వెబ్‌సైట్ల పరిస్థితే అలా ఉన్నప్పుడు, ఊరూపేరూ లేని వెబ్‌సైట్ ఇచ్చే డెబ్ ఫైల్‌ను నమ్మడానికి ఏ ఆధారమూ లేదు.

ఇక మీ కరెంటు బాధకు టొరెంట్ నిజంగానే తగిన మందు. 2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ పద్ధతిలో ఫైల్ ఒకే చోటి నుంచి కాక, దాన్ని పంచుతున్నవారి కంప్యూటర్ల నుంచి చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది, ప్రతి ముక్కకూ ముందే లెక్కగట్టిన హ్యాష్ విలువ (వేలిముద్ర లాంటి సంఖ్య) టొరెంట్ ఫైల్‌లో ఉంటుంది, వచ్చిన ముక్క ఆ విలువతో సరిపోలకపోతే దాన్ని పారేసి మళ్ళీ తెచ్చుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా వచ్చిన ముక్కలు ఎక్కడికీ పోవు. తిరిగి ఆన్ చేశాక అనుమానం ఉంటే టొరెంట్ పేరు మీద కుడి మీట నొక్కి ‘వెరిఫై లోకల్ డేటా’ ఎంచుకోండి. డిస్కులో ఉన్నదంతా సరిచూసుకుని, లోపించిన ముక్కలను మాత్రమే మళ్ళీ దింపుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012 నుంచి టొరెంట్లు ఇస్తోంది. పుస్తకం పేజీలో డౌన్‌లోడ్ ఆప్షన్స్ కింద టొరెంట్ అన్న లంకె ఉంటుంది. ఆ పుస్తకాన్ని ఆ క్షణంలో ఇంకెవరూ పంచకపోయినా ఆర్కైవ్ సర్వర్లే ముక్కలు అందిస్తాయి కాబట్టి దిగులు లేదు. అయితే లంకె తెరవగానే తొందరపడి ఓపెన్ నొక్కకండి. ఒక్కో పుస్తకానికి పీడీఎఫ్‌తో పాటు పేజీల స్కాన్ బొమ్మలన్నీ కలిపిన జిప్ ఫైల్ కూడా ఉండటం మామూలే, అది పీడీఎఫ్ కంటే ఎన్నో రెట్లు పెద్దది. ట్రాన్స్‌మిషన్ చూపే జాబితాలో పీడీఎఫ్‌కు తప్ప మిగతావాటికి టిక్ తీసేయండి.

మీరు దింపుకుంటున్న ముక్కలనే మీ కంప్యూటర్ ఇతరులకు అందిస్తూ ఉంటుంది. అది ఈ పద్ధతికి ప్రాణం, కాబట్టి పూర్తిగా ఆపవద్దని నా విన్నపం. కానీ అప్‌లోడ్‌కు హద్దు పెట్టకపోతే ఇంట్లో వీడియో కాల్ కూడా నత్తనడక నడుస్తుంది. నెలవారీ డేటా పరిమితి ఉన్న ప్లాన్లలో అప్‌లోడ్‌ను కూడా లెక్కగట్టడం మామూలే. ప్రిఫరెన్సెస్‌లో స్పీడ్ పేజీ తెరిచి హద్దు పెట్టుకోండి. కాసేపు మాత్రమే తగ్గించాలంటే కిటికీ అడుగున ఉన్న తాబేలు బొమ్మ మీద నొక్కితే చాలు.

సాఫ్ట్‌వేర్ వాడటం నేరం కాదు. ఉబుంటు, డెబియన్, మింట్ అనే లినక్స్ రకాల బృందాలు తమ ఐఎస్ఓలను టొరెంట్ ద్వారా కూడా అందిస్తున్నాయి. నేరం దేన్ని పంచుతున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. మన దేశంలో రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళ వరకు కాపీరైట్ ఉంటుంది కాబట్టి, 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగం రచనలను నిశ్చింతగా దింపుకోవచ్చు, పంచవచ్చు. నిన్నమొన్నటి నవలకూ కొత్త సినిమాకూ ఆ వెసులుబాటు లేదు. టొరెంట్‌లో దింపుతూనే పంచుతారు గనుక ‘నేను చూడటానికే తెచ్చుకున్నాను’ అన్న సమాధానం నిలవదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

ప్రశ్న: నా కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు రెండూ ఉన్నాయి. ఉబుంటులో క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి, ఫైళ్ళు విండోస్ డీ డ్రైవ్‌లోకి వెళ్ళేలా పెట్టాను. నిన్నటి దాకా బాగానే ఉంది, ఇవాళ ‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటూ ఆగిపోయింది. డిస్క్ పాడైందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: డిస్క్ పాడై ఉండకపోవచ్చు. మధ్యలో ఒకసారి విండోస్ వాడి షట్ డౌన్ చేశారా? ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల విండోస్ పూర్తిగా ఆగిపోకుండా, తన స్థితిని డిస్కులో దాచుకుని పడుకుంటుంది. ఆ స్థితిలో ఉన్న ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్ళను అమర్చే పద్ధతి) డ్రైవ్‌లో రాస్తే విండోస్ సమాచారం చెడిపోతుంది గనుక లినక్స్ దాన్ని చదవడానికి మాత్రమే అనుమతిస్తుంది. విండోస్‌లోకి వెళ్ళి, కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్‌కు టిక్ తీసి, షట్ డౌన్ చేసి రండి. తొందరలో ఉంటే షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్ డౌన్ చేసినా ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది. ఎవరు ఏ ఉపాయం చెప్పినా బలవంతంగా రాసే పద్ధతికి మాత్రం వెళ్ళకండి. నన్నడిగితే, దింపుకునే ఫోల్డర్‌ను ఉబుంటు సొంత విభజనలోనే ఉంచుకుని, పూర్తయిన ఫైల్‌ను మాత్రమే డీ డ్రైవ్‌కు కాపీ చేసుకోవడం మేలు. పెన్‌డ్రైవ్‌లోకి తీసుకునేటప్పుడు అది ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీకి మించిన ఫైల్ పట్టదని కూడా గుర్తుంచుకోండి. ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: మా కాలనీలో కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్ కనెక్షన్ ఉంది. ట్రాన్స్‌మిషన్‌లో పోర్టును (బయటి కనెక్షన్లు లోపలికి వచ్చే తలుపును) పరీక్షిస్తే ‘క్లోజ్డ్’ అని వస్తోంది. రూటర్‌లో 51413 పోర్టు తెరిచినా ఫలితం లేదు.
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: రూటర్ పేజీలో వాన్ ఐపీ (ఆపరేటర్ మీ రూటర్‌కు ఇచ్చిన చిరునామా) అన్నచోట కనిపించే సంఖ్య చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, మీ ఆపరేటర్ ఒకే బయటి చిరునామాను చాలా ఇళ్ళకు కలిపి వాడుతున్నారని అర్థం. అప్పుడు మీ రూటర్‌లో ఏ తలుపు తెరిచినా బయటివారు మీదాకా రాలేరు. దీనివల్ల దింపుకోవడం ఆగదు, మీ కంప్యూటరే ఇతరులతో కనెక్షన్ మొదలుపెడుతుంది. కొద్దిమందే పంచుతున్న ఫైళ్ళ విషయంలో మాత్రం వేగం తగ్గవచ్చు. ఐపీవీ6 (చిరునామాల కొరత లేని కొత్త పద్ధతి) ఇస్తారేమో ఆపరేటర్‌ను అడగండి.

ప్రశ్న: తెలుగు పేరున్న ఒక ఆడియో టొరెంట్ నా లినక్స్‌లో ‘ఫైల్ నేమ్ టూ లాంగ్’ అని ఆగిపోతోంది. మిత్రుడి విండోస్‌లో అదే చక్కగా దిగింది. లినక్స్‌కు తెలుగు రాదా?
– ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తెలుగు బాగానే వచ్చు, లెక్కించే తీరులోనే తేడా ఉంది. లినక్స్‌లో సాధారణంగా వాడే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ పేరుకు 255 బైట్ల హద్దు పెడుతుంది. యూనికోడ్‌ను లినక్స్ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు పడతాయి. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరంలో శకారం, పొల్లు, రకారం, దీర్ఘ గుడి కలిసి నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. ఆ లెక్కన 85 సంకేతాలతో హద్దు నిండిపోతుంది. విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ బైట్లను కాక సంకేతాలను లెక్కిస్తుంది కాబట్టి అదే పేరు అక్కడ పట్టింది. ట్రాన్స్‌మిషన్‌లో ఆ టొరెంట్ ప్రాపర్టీస్ తెరిచి, ఫైళ్ళ జాబితాలో పేరు మీద నొక్కి కుదించండి. పేరు మీ కంప్యూటర్‌లో మాత్రమే మారుతుంది, లోపలి ముక్కలు మారవు గనుక ఇతరులకు మునుపటిలాగే అందుతుంది. మీరే టొరెంట్ తయారుచేసి పంచేటప్పుడు కథ పేరు, రచయిత పేరు, చదివినవారి పేరు, తేదీ అన్నీ ఒకే ఫైల్ పేరులో కూర్చకుండా, కథ పేరు మాత్రం ఉంచి మిగతా వివరాలను లోపల ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెట్టండి.