సమాధానం: ఓక్ కొమ్మ బొమ్మలో ఆకుకీ కాయకీ పొసగట్లేదు

లండన్‌లోని రిచ్‌మండ్ పార్కులో దొరికిన ఓక్ కొమ్మ చూసి వాటర్‌కలర్ బొమ్మ వేసినా, చూసినవాళ్లు ‘ఆకు ఒక జాతిది, కాయ ఇంకో జాతిది’ అన్నారని అడిగారు కదా. తప్పు రంగులో లేదండీ, కాడల్లో ఉంది.

ఇంగ్లిష్ ఓక్, అంటే క్వెర్కస్ రోబర్‌కి ఆకు తొడిమ సెంటీమీటరు లోపే. ఆకు మొదట్లో అటూ ఇటూ బుల్లి చెవితమ్మెల్లాంటి అంచులుంటాయి. కాయ మాత్రం పొడుగు కాడకు వేలాడుతుంది. సెసైల్ ఓక్ అనే ఇంకో జాతిది సరిగ్గా ఉల్టా: తొడిమ పొడుగు, కాయ కొమ్మకే అంటుకుని ఉంటుంది. మీ బొమ్మలో రెండూ పొడుగే! కాయను అలాగే ఉంచి, తొడిమను పొట్టి చేస్తే ఇంగ్లిష్ ఓక్ అవుతుంది.

తొడిమ మీద తడి బ్రష్ తిప్పి, టిష్యూతో అద్ది రంగు ఎత్తేయండి. రుద్దితే కాగితం పీచు లేస్తుంది. ఫ్తాలో గ్రీన్ (కాగితానికి గట్టిగా పట్టేసే పచ్చరంగు) వాడుంటే మరక పూర్తిగా పోదు, ఫర్వాలేదు. బాగా ఆరాక ఆకు మొదలును కొమ్మ వైపు పొడిగిస్తే ఆ మరక దాని కిందకి పోతుంది. చెవితమ్మెలు మర్చిపోకండి.

ఈసారి కాయే ముందు వేయండి. గదిలో ఉంచితే కొద్ది రోజుల్లోనే పచ్చదనం పోయి గోధుమరంగుకి తిరిగి, మొదట్లో ఉండే గిన్నెలాంటి తొడుగులోంచి ఊడిపోతుంది. బొమ్మ వేయడం ఆపేటప్పుడు కొమ్మను తడి టిష్యూలో చుట్టి, కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.